ఫీజు కోసం కాని స్కాలర్‌షిప్

అమెరికాలో డిల్లర్ టీన్ టికూన్ ఓలామ్ అవార్డు గెలిచిన యూదు విద్యార్థి చేతికి 36,000 డాలర్లు వస్తాయి. 35 అనో 40 అనో పెట్టకుండా ఈ 36 ఏమిటని అనుమానం రావచ్చు. పెళ్లి చదివింపుల్లో మనం వంద రాయించం, నూటపదహారు రాయిస్తాం. యూదులకూ అలాంటి ఆనవాయితీ ఒకటుంది. హీబ్రూ అక్షరాలకు అంకెల విలువలుంటాయి, ఆ లెక్కలో ప్రాణానికి గుర్తు 18. అందుకే దానమిచ్చినా కానుక చదివించినా 18, 36, 180 అంటూ ఆ గుణిజాల్లోనే ఇస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కో దాత హెలెన్ డిల్లర్ 2007లో కాలిఫోర్నియా పిల్లల కోసం మొదలుపెట్టిన ఈ అవార్డు తర్వాత దేశమంతటికీ విస్తరించింది. ఏటా 15 మంది దాకా ఎంపిక చేస్తారు. వయసు 13కీ 19కీ మధ్య ఉండాలి. టికూన్ ఓలామ్ అంటే లోకాన్ని బాగుచేయడమని అర్థం కాబట్టి, ఏదో ఒక సేవా కార్యక్రమాన్ని సొంతంగా తలకెత్తుకుని నడిపి ఉండాలి. ఆ కార్యక్రమం యూదుల కోసమే అయ్యుండాలన్న షరతేమీ లేదు. వచ్చిన డబ్బును కాలేజీ చదువుకు వాడుకోవచ్చు, లేదా ఆ కార్యక్రమాన్నే పెంచుకోవచ్చు.

మన దగ్గర స్కాలర్‌షిప్ అనగానే గుర్తొచ్చేవి ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, మీసేవ దగ్గర పడిగాపులు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు పడుతుందోనన్న బెంగ. కాదంటే మార్కులకిచ్చే మెరిట్ స్కాలర్‌షిప్. ఈ రెండింటిలో దేనికిందకూ రాని మూడో రకం ఇది. హైస్కూలు పిల్లలకు, అంటే మన లెక్కన తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా చదివేవాళ్లకు, అమెరికాలోని యూదు సంస్థలు ప్రజా వ్యవహారాల్లో నాయకత్వం పేరుతో డబ్బో, శిక్షణో, ప్రయాణమో ఇస్తాయి. పదహారేళ్ల పిల్లకు చట్టసభలతో, స్కూలు బోర్డులతో ఏం పని? ఉందే అనుకుందాం, దానికి ఒక సమాజం తన చేతి డబ్బు ఎందుకు పెట్టాలి?

ముందు వీటిలో ఉన్న రకాలు చూద్దాం. డిల్లర్ అవార్డు అప్పటికే చేసి చూపించిన పనికి దక్కే మెప్పు. బ్రాన్‌ఫ్‌మన్ ఫెలోషిప్ దారి వేరు. సీగ్రామ్ మద్యం కంపెనీ అధిపతి, చాలాకాలం ప్రపంచ యూదు కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్న ఎడ్గర్ బ్రాన్‌ఫ్‌మన్ 1987లో దీన్ని పెట్టారు. ఉత్తర అమెరికా అంతటి నుంచీ ఏడాదికి 26 మందిని తీసుకుంటారు. చేతికి నగదు రాదు. వేసవి యాత్ర, ఆ తర్వాత ఏడాది పొడవునా సెమినార్లు, ఖర్చంతా సంస్థదే. ఇందులో అసలు సంగతి పిల్లల కూర్పు. ఆచారాలు తు.చ. తప్పకుండా పాటించే ఇంటి పిల్ల, దేవుడే లేడనే కుర్రాడు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే పాత గ్రంథం మీద వాదించుకోవాలి. నవలా రచయిత జొనాథన్ సాఫ్రాన్ ఫోయర్ ఈ బల్ల దగ్గర కూర్చుని వెళ్లినవాడే. ఇక మూడో రకం శిక్షణ శిబిరాలు. ఫీజులో కొంతో మొత్తమో ప్రార్థనా మందిరమో దాతలో భరించి పిల్లల్ని వాషింగ్టన్ పంపుతారు. ఈ మూడింటిలో ఎక్కువమందికి అందేది, తక్కువగా వార్తల్లోకెక్కేది ఈ మూడోదే.

ప్రజా వ్యవహారాలు అన్న మాటకు ఆ సమాజంలో కచ్చితమైన అర్థమే ఉంది. అమెరికాలో కాస్త పెద్ద ఊరు ఏదైనా తీసుకోండి, అక్కడ యూదు సమాజ సంబంధాల మండలి అనే సంస్థ ఒకటి కనిపిస్తుంది. నగర పాలక సభ్యులతో, పోలీసు శాఖతో, స్కూలు బోర్డుతో, చర్చిలతో, మసీదులతో రోజువారీ మాటలు నడిపేది అదే. యూదుల పవిత్ర ఉపవాస దినమైన యోమ్ కిప్పూర్ రోజున పరీక్ష పెట్టారనుకోండి, స్కూలుకు ఫోన్ చేసేది ఈ మండలి. యూదుల మీద ద్వేషం ముదిరిన 1930ల కాలంలో ఇలాంటి మండళ్లు పుంజుకున్నాయి. వాటన్నిటినీ కలిపే జాతీయ సంస్థ 1944లో వచ్చింది. 1997 నుంచి దాని పేరే ప్రజా వ్యవహారాల యూదు మండలి. కాబట్టి ఈ స్కాలర్‌షిప్పులు వెతికేది రేపటి ఎమ్మెల్యేల కోసం కాదు, ఆ ఫోన్ చేయగలవాళ్ల కోసం.

దీనికి చట్టం వైపు నుంచీ ఒక కారణం ఉంది. దాతలకు పన్ను మినహాయింపు తెచ్చిపెట్టే ధర్మసంస్థలు ఫలానా అభ్యర్థికి ఓటెయ్యమని ప్రచారం చేయకూడదని 1954 నుంచీ అమెరికా పన్ను చట్టం చెబుతోంది. ఫలానా బిల్లును బలపరచండని అడగడానికి మాత్రం ఒక హద్దు వరకూ వీలుంది. ఎన్నికల జోలికి పోకుండా విధానాల మీద మాట్లాడే ఈ ఇరుకు సందులోనే మొత్తం శిక్షణ నడుస్తుంది.

ఆ శిక్షణ ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూడాలంటే లెతాకేన్ సెమినార్ మంచి ఉదాహరణ. రిఫార్మ్ శాఖ యూదుల రెలిజియస్ యాక్షన్ సెంటర్ దీన్ని నడుపుతుంది. ఆ సంస్థ 1961లో పుట్టింది. దాని భవనం కోసం డబ్బిచ్చిన కివీ కాప్లాన్ తర్వాత నల్లజాతివారి ప్రధాన హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీకి జాతీయ అధ్యక్షుడయ్యాడు. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం ముసాయిదాల్లో కొన్ని భాగాలు తమ సమావేశపు గదిలోనే రాశారని ఆ సంస్థ ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది.

సెమినార్ శుక్రవారం మొదలై సోమవారం ముగుస్తుంది. వేర్వేరు రాష్ట్రాల ప్రార్థనా మందిరాల నుంచి పిల్లలు వాషింగ్టన్‌లో ఒక హోటల్లో దిగుతారు. ఒక్కో గుంపు ఒక్కో విషయం ఎంచుకుంటుంది: తుపాకీ నియంత్రణ, వలస, వాతావరణం, గర్భస్రావ హక్కు, ఆహార సాయం. శనివారం రాత్రి జెఫర్సన్ స్మారకం దగ్గర గుమిగూడి, వారాంతపు విశ్రాంతి దినమైన సబ్బాత్‌కు వీడ్కోలు చెబుతారు. జడలా అల్లిన కొవ్వొత్తి, సుగంధ ద్రవ్యాల డబ్బా, ద్రాక్షరసం, పాట. ఫొటోలన్నీ ఇక్కడివే ఉంటాయి. నాకు మాత్రం ఆదివారం రాత్రి ముఖ్యమనిపిస్తుంది. ఆ రాత్రి హోటల్ నేల మీద, మంచాల మీద కూర్చుని, ముగ్గురో నలుగురో కలిసి ఒక్కో ప్రసంగం రాస్తారు. అందులో నాలుగు పాళ్లు ఉండాలి. బిల్లు ఏం చేస్తుందో చెప్పాలి, యూదు గ్రంథాల్లో దానికి ఆధారం చూపాలి, తమ జీవితంలోంచి ఒక సంగతి చెప్పాలి, చివర సూటిగా అడగాలి. ఈ చివరిదే పిల్లలకు కొరుకుడు పడదు. పెద్దవాళ్ల ముందు కూర్చుని “మీరు దీనికి ఓటేస్తారా, వెయ్యరా?” అని అడగడానికి నోరు పెగలదు. వాతావరణాన్ని కాపాడుకోవాలంటూ, అందరూ ఆలోచించాలంటూ చుట్టూ తిరుగుతారు. పక్కనున్న శిక్షకులు ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ రాయిస్తారు.

సోమవారం సూటు తొడుక్కుని, అమెరికా కాంగ్రెస్ ఉండే కాపిటల్ హిల్ ఎక్కుతారు. చాలాసార్లు వాళ్లకు దొరికేది సెనేటర్ కాదు, ఇరవై పై చిలుకు వయసున్న సహాయకుడు. గది ఖాళీ లేకపోతే నడవాలోనే నిలబడి మాట్లాడాలి. ఇరవై నిమిషాలు గడిచేసరికి తర్వాతి గుంపు వచ్చేస్తుంది. అయినా ఆ సహాయకుడు రాసుకుంటాడు. ఎందుకంటే ఎదురుగా ఉన్నది తన నాయకుడి నియోజకవర్గం పిల్లలు, రెండేళ్లలో ఓటర్లు, వాళ్ల వెనక ఇప్పుడే ఓటున్న తల్లిదండ్రులు. ప్రజాప్రతినిధి ఆఫీసు గుమ్మం ఎలా ఉంటుందో ఒకసారి చూసినవాళ్లు రెండోసారి ఆ తలుపు తట్టడానికి జంకరు.

పైగా ఈ పిల్లలకు మైకు కొత్త కాదు. పదమూడేళ్లకు బార్ మిత్స్‌వా అనే వేడుక జరుగుతుంది, ఆడపిల్లలకైతే బాత్ మిత్స్‌వా. ఆ రోజు మందిరంలో అందరి ముందూ నిలబడి ధర్మగ్రంథమైన తోరాలో ఆ వారపు భాగం చదవాలి. చాలాచోట్ల దాని మీద సొంతంగా వ్యాఖ్యానమూ చెప్పాలి. పెద్దలు చెప్పింది ఒప్పజెప్పడం కాదు, అబ్రహాము చేసింది నాకు నచ్చలేదని చెప్పినా సభ వింటుంది. అమెరికాలో మొదటి బాత్ మిత్స్‌వా 1922 మార్చిలో న్యూయార్క్‌లో జరిగింది. రబ్బీ మొర్దెకై కాప్లాన్ కూతురు జుడిత్‌ది. ఇప్పుడు చాలా మందిరాల్లో ఆ ఏడాది ఒక సేవా ప్రాజెక్టు చేయడం కూడా ఆనవాయితీ. స్కాలర్‌షిప్ దరఖాస్తులో కనిపించే కార్యక్రమాలు ఎన్నో అక్కడ మొలకెత్తినవే.

అదే 1922లో హార్వర్డ్‌లో ఇంకో కథ నడుస్తోంది. ఈ కథ తెలియకపోతే నాయకత్వం అన్న మాట మీద యూదులకున్న పట్టింపు అర్థం కాదు. 1900 ప్రాంతంలో హార్వర్డ్ విద్యార్థుల్లో యూదులు 7 శాతం. 1922కి 21 శాతం దాటారు. అప్పట్లో ప్రవేశ పరీక్షలో నెగ్గితే సీటు వచ్చేది, తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన దర్జీల, చిల్లర వర్తకుల పిల్లలు నెగ్గుతున్నారు. హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ యూదులకు 15 శాతం పరిమితి పెడదామన్నాడు. బాహాటంగా పరిమితి పెట్టడానికి అధ్యాపకుల కమిటీ ఒప్పుకోలేదు. మరోవైపు అడ్డదారి తొక్కారు. తండ్రి ఎక్కడ పుట్టాడు, తల్లి పుట్టింటి పేరేమిటి, పుట్టాక మీ పేరు ఏమైనా మార్చుకున్నారా అని దరఖాస్తులో ప్రశ్నలు చేర్చారు. 1926 నుంచి మార్కులతో పాటు గుణగణాలు, వ్యక్తిత్వం చూస్తామన్నారు, ఫొటో అడిగారు. కొన్నేళ్లలోనే యూదుల శాతం పడిపోయింది. బర్కిలీ సమాజ శాస్త్రవేత్త జెరోమ్ కారబెల్ 2005లో ఈ చరిత్రంతా తవ్వి లావుపాటి పుస్తకం రాశాడు. ఇప్పుడు మన పిల్లలు అమెరికా కాలేజీలకు రాసే వ్యాసం, సిఫారసు లేఖ, ఇంటర్వ్యూ, చదువేతర కార్యకలాపాల జాబితా, ఈ తతంగం చాలావరకు ఆ రోజుల్లో రూపం పోసుకున్నదే.

యూదు పిల్లలు పుస్తకాల పురుగులు, సమాజంలో కలవరు, నాయకత్వం వాళ్ల వల్ల కాదు అన్నది అప్పటి అపవాదు. ఏ మాటతో తలుపు మూశారో ఆ మాటనే పట్టుకుని, వందేళ్లకు ఆ సమాజం తన పిల్లలకు బహుమతులు ఇస్తోంది. ఇది పంతమా, పాఠమా అని అడిగితే రెండూ కొంత కొంత అంటాను.

చిన్నవాళ్లు రోడ్డెక్కితే పని జరుగుతుందన్న నమ్మకం మాత్రం ఇంకో చోటి నుంచి వచ్చింది. 1964లో న్యూయార్క్‌లో జేకబ్ బిర్న్‌బామ్ అనే ఆయన కాలేజీ విద్యార్థుల్ని పోగుచేసి, సోవియట్ యూనియన్ నుంచి బయటికి పోనివ్వని యూదుల కోసం ఉద్యమం మొదలుపెట్టాడు. పెద్ద సంస్థలు రాయబారాలు నడుపుతుంటే వీళ్లు ప్లకార్డులు పట్టుకున్నారు. పదేళ్లు తిరిగేసరికి, పౌరుల్ని వలస వెళ్లనివ్వని దేశాలకు వాణిజ్య రాయితీలు ఆపేసే జాక్సన్–వానిక్ సవరణకు అమెరికా కాంగ్రెస్ ఆమోదం దొరికింది. 1987 డిసెంబరు 6న, సోవియట్ నేత గోర్బచెవ్ వాషింగ్టన్ చేరడానికి ఒకరోజు ముందు, సుమారు రెండున్నర లక్షల మంది అక్కడ ప్రదర్శన చేశారు. ఆ గుంపులో స్కూలు పిల్లలుగా నడిచినవాళ్లు ఇప్పుడు ఏభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవారు. ఇవాళ సంస్థలు నడిపేదీ, చెక్కులు రాసేదీ ఆ తరమే.

ఇంతవరకూ చెప్పింది బయటి లోకం కోసం. లోపలి దిగులు ఇంకొకటుంది. ప్యూ పరిశోధన సంస్థ 2020 సర్వే ప్రకారం అమెరికాలో యూదులు, పిల్లలతో కలిపి, దాదాపు 75 లక్షలు. వయోజనుల్లో 2.4 శాతం. 2010 తర్వాత పెళ్లయినవాళ్లలో 61 శాతం మంది యూదులు కానివారిని చేసుకున్నారు. 1990లో జరిగిన ఇంకో సర్వే ఈ సంఖ్య సగం దాటిందని చెప్పినప్పుడు పెద్ద కలకలమే రేగింది (ఆ లెక్క కాస్త ఎక్కువగా వేశారన్న వాదన తర్వాత వచ్చింది, కానీ భయం అప్పటికే పాతుకుంది). పదమూడేళ్ల వేడుక అయ్యాక పిల్లలు మందిరం వైపు రావడం మానేస్తున్నారు. ప్రార్థనకు రాని పిల్లను వాతావరణ ఉద్యమం పేరుతోనైనా సమాజం అంచున నిలబెట్టుకోవచ్చన్న లెక్క ఈ స్కాలర్‌షిప్పుల వెనక ఉంది. దాతలు దీన్ని దాచరు. నా ఉద్దేశంలో ఈ రెండో కారణమే బలమైనది, డబ్బు పారేది దీనికోసమే.

అలాంటప్పుడు ఎవరు యూదు అన్న ప్రశ్న వస్తుంది. తల్లి యూదు అయితేనే బిడ్డ యూదు అన్నది సంప్రదాయం. తండ్రి వైపు నుంచీ ఒప్పుకుంటామని అమెరికా రిఫార్మ్ శాఖ 1983లో తీర్మానించింది. డిల్లర్ అవార్డు ఈ తగవులోకి పోకుండా, తనను తాను యూదుగా భావించుకుంటే చాలంటుంది. ఈ ప్రశ్న బరువు మన గుంటూరు జిల్లావాళ్లకు బాగా తెలుసు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే కొన్ని కుటుంబాలు మూడు దశాబ్దాలుగా సబ్బాత్ పాటిస్తున్నాయి. వాళ్ల యూదుత్వాన్ని ఇజ్రాయెల్ ఇంకా అధికారికంగా గుర్తించలేదు.

ఒక మతం పిల్లలకే డబ్బివ్వడం చట్టరీత్యా చెల్లుతుందా అని అడగొచ్చు. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలకు వర్తించే పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయం జాతి, రంగు, జాతీయ మూలాల ప్రాతిపదికన వివక్షను నిషేధిస్తుంది. ఆ జాబితాలో మతం లేదు. ప్రైవేటు ఫౌండేషన్ అయితే ఎంపిక పద్ధతిని పన్నుల శాఖకు ముందుగా చూపించి ఆమోదం తీసుకోవాలి. ఎంపిక చేసేవాళ్ల సొంత మనుషులకు లాభం చేరకూడదు. క్యాథలిక్, లూథరన్ సంస్థలు కూడా తమ పిల్లలకు ఇలాగే ఇస్తుంటాయి.

విమర్శలు లేకపోలేదు. ఈ బహుమతుల ప్రకటనలు చదువుతుంటే ఒక అనుమానం వస్తుంది. పదహారేళ్లకే లాభాపేక్ష లేని సంస్థ రిజిస్టరు చేసి, వెబ్‌సైటు పెట్టి, పాతిక స్కూళ్లకు విస్తరించాలంటే ఇంట్లో లాయరో, కారున్న అమ్మో, తీరికో ఉండాలి కదా. బడి కాగానే కిరాణా దుకాణంలో గల్లాపెట్టె దగ్గర నిలబడే పిల్లకు నాయకత్వం చూపించడానికి సాయంత్రమే మిగలదు. చెల్లెల్ని పెంచడం ఏ దరఖాస్తులోనూ ప్రాజెక్టు కిందికి రాదు. బ్రాన్‌ఫ్‌మన్ లాంటివి ఖర్చంతా భరించడం ఈ లోటును కొంత పూడుస్తుంది, అంతే.

రెండో చిక్కు ఇజ్రాయెల్. అమెరికన్ యూదు కమిటీ హైస్కూలు పిల్లలకిచ్చే శిక్షణలో యూదు ద్వేషాన్ని ఎదుర్కోవడంతో పాటు ఇజ్రాయెల్ తరఫున మాట్లాడటమూ ఒక పాఠం. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద హమాస్ చేసిన దాడి, ఆ తర్వాతి గాజా యుద్ధం ఒకే ఇంట్లో తాతనూ మనవరాలినీ చెరో పక్క నిలబెట్టాయి. నలుగురూ మెచ్చే నాయకత్వం కావాలా, నలుగురినీ ప్రశ్నించే నాయకత్వం కావాలా అన్నది దరఖాస్తులో రాయరు గానీ, వ్యాసం రాసే పిల్లకు ఆ ఒత్తిడి తెలుస్తూనే ఉంటుంది. అసమ్మతిని సహించే కార్యక్రమాలే ఎక్కువకాలం నిలుస్తాయని నేననుకుంటాను.

ఇక మన సంగతికొస్తే, 1977లో మొదలైన ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా, తన ఫౌండేషన్ ద్వారా మన రాష్ట్రాల్లోని పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. అది పుట్టిన ఊరికి పంపే డబ్బు. యూదులది ఉన్న ఊళ్లో పెట్టే డబ్బు. రెంటికీ వలస చరిత్రలో తేడా ఉంది. వాళ్లలో చాలామందికి తిరిగి చూసుకోవడానికి ఊరే మిగల్లేదు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు గానీ, ఆమె చాలాకాలం రవాణా ఇంజినీరుగా పనిచేశాకే రాజకీయాల్లోకి వచ్చారు. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలు ఇప్పుడు హైస్కూళ్లలో వేలల్లో ఉన్నారు. స్పెల్లింగ్ బీకి పెట్టే శ్రద్ధలో పావు వంతు స్కూలు బోర్డు సమావేశంలో మూడు నిమిషాలు మాట్లాడటం మీద పెట్టినా ఫలితం వేరుగా ఉంటుంది. దానికి దాత కూడా అక్కర్లేదు.

ఏ సంస్థ ఇచ్చే స్కాలర్‌షిప్‌కైనా పనికొచ్చే లెక్క ఒకటి చెప్పాలి, మనవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. కాలేజీ ఖర్చు ఏడాదికి 60,000 డాలర్లు, మీరు 20,000 పెట్టగలరని తేల్చి మిగతా 40,000 కాలేజీయే గ్రాంటుగా ఇచ్చిందనుకోండి. పిల్ల బయటి నుంచి 10,000 గెలుచుకొచ్చింది. చాలా కాలేజీలు తమ గ్రాంటును 30,000కి తగ్గించేస్తాయి. గెలిచింది పిల్ల, మిగిలింది కాలేజీకి. ప్రభుత్వ కాలేజీలు ఇలా చేయకుండా 2017లో మొదట చట్టం చేసిన రాష్ట్రం మేరీలాండ్, తర్వాత మరికొన్ని ఆ దారి పట్టాయి. డిగ్రీ చదువుతూ ట్యూషన్‌కు, పుస్తకాలకు వాడిన స్కాలర్‌షిప్ మీద ఆదాయపన్ను పడదు, హాస్టల్‌కూ భోజనానికీ వాడిన దాని మీద పడుతుంది. సీటు ఖాయం చేసుకునే ముందే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి, బయటి స్కాలర్‌షిప్ వస్తే ముందు అప్పులో కోస్తారా, గ్రాంటులో కోస్తారా అని అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి.